అలమరలో పదకొండు దవడలు

కోడలు ఇనప్పెట్టె తాళం తీసి చూసింది. సెట్టు లోపలే ఉంది. పై పళ్ళూ, కింది పళ్ళూ, తను చుట్టిపెట్టిన తెల్లగుడ్డలో, తను వేసిన ముడితోనే ఉన్నాయి.

మరి వంటగదిలో అత్తగారి నోట్లో ఉన్నవేమిటి?

ఆపరేషన్ అయిన పన్నెండో రోజు అది. పెద్దావిడ తుంటి ఎముకలోంచి చిన్న ముక్క తీసి, కరిగిపోయిన కింది దవడ మీద అతికించి, పైన చిగురు కప్పి కుట్లు వేశారు. ఆ ముక్క దవడలో కలిసిపోవడానికి ఆరు నెలలు పడుతుంది. కలిస్తే అందులో మరలు బిగించి, వాటి మీద పళ్ళు నిలబెడతారు. కలవకపోతే మళ్ళీ కోసి తీయడానికి డెబ్బై ఒకటో ఏట ఆ ఒంట్లో ఓపిక లేదు. అందుకే డాక్టరమ్మ ఇంటికి పంపేటప్పుడు ఒకే ఒక్క మాట చెప్పింది. కుట్ల మీద ఏదీ ఆనకూడదు, కట్టుడు పళ్ళు అసలే పెట్టకూడదు.

కోడలు ఆ మాటని పెట్టెలో పెట్టి తాళం వేసింది. తాళంచెవి రోజూ తనతోపాటే పోస్టాఫీసు కౌంటరుకి వెళ్ళొచ్చేది.

"అత్తయ్యా, నోరు తెరవండి."

పెద్దావిడ తెరవలేదు. పెదాలు బిగించి, గ్లాసులో జావ కలుపుతూ కూర్చుంది.

"పెట్టెలోవి పెట్టెలోనే ఉన్నాయి. ఇవెక్కడివి?"

చెంచా తిరుగుతూనే ఉంది. నోట్లో నాలుక లేని మనిషని ఆవిడకి పేరు. అలాంటివాళ్ళు మొండికేస్తే వాదించి గెలవడం ఎవరితరమూ కాదు. కోడలు బ్యాగు భుజాన ఉండగానే స్టూలు మీద కూలబడింది. పొద్దున్నించీ క్యూలో నిలబడ్డవాళ్ళందరికీ జవాబులు చెప్పి వచ్చింది. ఇంటికొస్తే ఇదీ.

"నేనే ఇచ్చాను," అన్న మాట వెనకగదిలోంచి వచ్చింది.

మామగారు గుమ్మంలో నిలబడ్డారు. చేతులకి గులాబీ రంగు పొడి అంటుకుని ఉంది. ఈ వీధిలో ఆయన అసలు పేరు ఎవరికీ గుర్తులేదు. పళ్ళ మేస్త్రి అంటే చాలు. నలభై అయిదేళ్ళు దంతవైద్యులందరికీ కట్టుడు పళ్ళు చేసిచ్చిన చెయ్యి ఆయనది. పని మానేసి ఆరేళ్ళయినా వెనకగదిలో బల్లా, అరగదీసే మోటారూ, మైనం కరిగించే దీపమూ అలాగే ఉన్నాయి.

"మీరా?"

"ఈ ఇంట్లో పళ్ళు కట్టేవాళ్ళు ఇంకెవరున్నారమ్మా?"

రెండు రోజులుగా ఇంట్లో, కట్టుడు పళ్ళ పొడిలో కలిపే మందు ఘాటు వాసన తిరుగుతూనే ఉంది. పాత బేరం ఏదో వచ్చుంటుందిలే, పోనీ ఆయనకీ పొద్దుపోతుంది అనుకుంది కోడలు. ఇప్పుడు తన మీద తనకే కోపం వచ్చింది.

"ఏ కొలతతో చేశారు మామయ్యా?"

"రెండేళ్ళ కిందటి అచ్చు ఉందిగా అలమరలో."

"అది ఆపరేషన్‌కి ముందటి దవడ! ఇప్పుడక్కడ కొత్త ఎముక పెట్టారు. ఉబ్బి ఉంటుంది."

"ఆ మాత్రం తెలీదా? కుట్లున్న చోట గీకేశాను. కాగితం దూరేంత సందు వదిలాను."

"నోరు చూసి గీకారా?"

మేస్త్రి చేతులకంటిన పొడి దులుపుకున్నాడు. "చూడక్కర్లేదు. చేతికి అంచనా ఉంటుంది."

"అంచనా! ఆవిడ తుంటి కోసి తీసిన ఎముక మామయ్యా అది! గోడకి మిగిలిన సిమెంటనుకున్నారా?"

ఆ మాట గట్టిగానే తగిలింది. ఆయన జేబులోంచి ఓ చీటీ తీసి బల్ల మీద పెట్టాడు. మందుల చీటీ వెనక వణికే అక్షరాలతో ఒక్కటే ముక్క రాసి ఉంది. నాకు పళ్ళు కావాలి.

"తొమ్మిది రోజులు గది దాటలేదు. నేను లోపలికెళితే దుప్పటి ముసుగేసుకునేది. లేకపోతే మూతికి తువ్వాలు అడ్డం పెట్టుకుని గోడవైపు తిరిగేది. పక్కింటివాళ్ళతో మాట్లాడకపోతే పోనీ, నాతో కూడానా? ఈ చీటీ తలుపు కిందనుంచి తోసింది." ఆయన గొంతు తగ్గింది. "నిన్న పొద్దున ఇచ్చాను. పెట్టుకుని బయటికొచ్చి, మందులు వేసుకున్నారా అని అడిగింది. పదకొండు రోజుల తర్వాత మొదటి మాట."

"నాకొక మాట చెప్పాల్సింది."

"చెబితే ఇంకో తాళం వేస్తావు."

అదీ నిజమే.

ఆ సమయానికే కొడుకు డ్యూటీ దిగి వచ్చాడు. సిటీ బస్సు డ్రైవరు. చెప్పులు విప్పుతూనే ముగ్గురి మొహాలూ చూసి సంగతి కొంత ఊహించాడు, మిగతాది భార్య చెప్పింది. "రేపు సెలవు పెట్టి డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళు," అని స్నానానికి వెళ్ళిపోయాడు. రోజంతా ముందుకే చూసి నడిపే మనిషికి ఇంట్లో పక్కకి చూడడం చేతకాదు.

పెద్దావిడ జావ తాగేసి, గ్లాసు కడిగి బోర్లించి, గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది. తుంటి నొప్పికి ఒక కాలు ఈడుస్తూ వెళ్ళింది.

తెల్లవారాక ఆస్పత్రిలో నంబరు పిలిచేసరికి పదిన్నరయింది.

"సెట్టు తీయండమ్మా," అంది డాక్టరమ్మ, చేతులకి తొడుగులు వేసుకుంటూ.

పెద్దావిడ కోడలి వైపు చూసింది. కోడలు అర్థం చేసుకుని గోడ మీది పళ్ళ బొమ్మ వైపు తిరిగింది. తువ్వాలు చాటున ఏదో చప్పుడయింది. తర్వాత డాక్టరమ్మ లైటు దించి చాలాసేపు మాట్లాడకుండా చూసింది. ఈ డాక్టరమ్మకి మాటలెక్కువ. ఆవిడ మౌనానికి కోడలికి భయం వేసింది.

"ఇక్కడ విచ్చుకుంది."

"ఎంత?"

"బియ్యపు గింజంత. ఎముక తెల్లగా కనిపిస్తోంది. ఎన్నాళ్ళనుంచి పెట్టుకుంటున్నారమ్మా?"

"మొన్నటినుంచి," అంది పెద్దావిడ. పళ్ళు లేని మాట గాలిలా వచ్చింది.

"పగలేనా? రాత్రికూడానా?"

పెద్దావిడ తువ్వాలు అంచు సర్దుకుంది.

"పాత సెట్టు సంగతి చెప్పండి. పడుకునేటప్పుడు తీసేవారా?"

పెద్దావిడ తల అడ్డంగా ఊపింది.

"ఎప్పుడూ?"

"ఎప్పుడూ తీయలేదు. తలుపేసుకుని కడుక్కుని మళ్ళీ పెట్టేసుకునేదాన్ని."

"నలభై ఏళ్ళా!" డాక్టరమ్మ కుర్చీ వెనక్కి జరుపుకుని, కోపం దాచుకోవడానికో ఏమో కాగితం మీద ఏదో గీసింది. "పళ్ళు పోయాక దవడ ఎముక ఎలాగూ తగ్గుతుందమ్మా. దానికింక పనుండదు కదా. కానీ పైన గట్టి సెట్టు రాత్రీ పగలూ నొక్కుతూ ఉంటే మరీ తొందరగా కరిగిపోతుంది. చెప్పులు విప్పకుండా నలభై ఏళ్ళు నడిస్తే పాదం ఏమవుతుంది? మీకెవరూ చెప్పలేదా?"

పెద్దావిడ కిటికీ వైపు చూసింది. ఊళ్ళో సగంమందికి పళ్ళు కట్టిన మనిషి భార్య, పాపం ఏమని చెబుతుంది?

"ఇప్పుడేం చెయ్యాలి డాక్టర్?" అంది కోడలు.

"ఇంకా చీము పట్టలేదు. అది మన అదృష్టం. రెండు వారాలు నోరు ఖాళీగా ఉంచితే చిగురు తనంతట తనే కప్పుకోవచ్చు. మళ్ళీ ఏదైనా పెట్టారా, ఒక పూటైనా సరే, ఆ ముక్క నేనే తీసెయ్యాల్సి వస్తుంది."

"తీసేస్తే?"

"తీసేస్తే జన్మంతా జావే. జావ తాగినా ఆ దవడకి భరోసా లేదు. పెన్సిలంత సన్నంగా ఉంది. ఏదో ఒకరోజు ఆవులిస్తే విరగొచ్చు."

కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టు, అనుకుంది కోడలు. ఈ ఆపరేషన్ చేయిద్దామని మొదట పట్టుబట్టింది తనే. కింది సెట్టు నరం మీద నొక్కుతుంటే ప్రతి ముద్దకీ కళ్ళనీళ్ళు పెట్టుకునే మనిషిని చూడలేక పట్టుబట్టింది. ఏడాదిలో ఎనిమిది కిలోలు తగ్గింది ఆవిడ. అయినా ఏదైనా అయితే మాట పడేది కోడలే. పళ్ళూడగొట్టుకోవడానికి ఏ రాయైతేనేం అని చుట్టాలెవరో అప్పుడే అన్నారు కూడా.

డాక్టరమ్మ కొత్త సెట్టుని గుడ్డలో చుట్టి పెద్దావిడ చేతికిచ్చింది. "ఇంటికెళ్ళి పారేయండి," అంది.

బస్సులో ఇద్దరికీ సీటు దొరికింది. పెద్దావిడ కిటికీ పక్కన కూర్చుని తువ్వాలు మూతికి అడ్డం పెట్టుకుంది. కోడలు మందుల చీటీ చదువుతూ, చదువుతూనే కునికింది. కళ్ళు తెరిచేసరికి తమ వీధి మలుపు వస్తోంది. పెద్దావిడ కిటికీ వైపు పూర్తిగా తిరిగి ఉంది. ఒడిలో ఉండాల్సిన గుడ్డ ఖాళీగా ఉంది.

"అత్తయ్యా! ఏం చేశారు?"

"గట్టిగా అరవకు. అందరూ చూస్తారు."

"ఇప్పుడేగా డాక్టరమ్మ చెప్పింది! తీసెయ్యండి. ఇక్కడే తీయండి."

"ఆయన గుమ్మంలోనే నిలబడి ఉంటారు. ఇంట్లోకి వెళ్ళాక తీస్తా."

"ఎప్పుడు?"

"ఆయన పడుకున్నాక."

మధ్యాహ్నం పన్నెండయింది. మేస్త్రి రాత్రి పదింటికి గానీ పడుకోడు. కోడలికి ఏడుపొచ్చింది, నవ్వూ వచ్చింది. రెండూ మింగి బెల్లు కొట్టి దిగింది.

మేస్త్రి నిజంగానే గుమ్మంలో ఉన్నాడు. "ఏమన్నారు?" అన్నాడు భార్యతో. ఆవిడ చిన్నగా నవ్వి, పళ్ళు కనిపించేలా నవ్వి, "బాగానే ఉందన్నారు," అంటూ లోపలికి నడిచింది. ఆ నవ్వు చూసి ఆయన భుజాలు తేలికపడ్డాయి. కోడలికి ఒళ్ళు మండిపోయింది.

"మామయ్యా, మీరొకసారి వెనకగదిలోకి రండి."

ఆ గదిలో చెక్క అలమర ఉంది. అందులో మేస్త్రి చేసిన పాత పనుల అచ్చులు ఉండేవి. పని మానేసినప్పుడు అన్నీ పారేశాడు, భార్యవి తప్ప. ఆవిడ కింది దవడవి పదకొండు. సెట్టు వదులైనప్పుడల్లా ఒకటి తీసి, వెనక అంచు మీద పెన్సిలుతో సంవత్సరం వేసి పెట్టాడు. ఒకదాని మీద ఒకటి, ఎలా పడితే అలా ఉన్నాయి.

కోడలు ఒక్కొక్కటే దించి, దుమ్ము ఊది, బల్ల మీద సంవత్సరాల వరసలో పెట్టసాగింది.

"జాగ్రత్తమ్మా, ప్లాస్టర్. పగులుతుంది."

"వీటికున్న జాగ్రత్త మనిషికి ఉంటే బాగుండేది."

మొదటిదాంట్లో చిగురు గట్టు బొటనవేలంత ఎత్తుగా, గుండ్రంగా ఉంది. మూడోదాంట్లో కొంచెం తగ్గింది. అయిదోది పక్కలకి అరిగిపోయింది. ఎనిమిదోదాంట్లో గట్టు లేదు, గీత మాత్రం ఉంది. పదకొండోది పలకలా చదునుగా ఉంది, నడిమధ్య కాస్త గుంట కూడా పడింది.

మేస్త్రి స్టూలు లాక్కుని కూర్చున్నాడు. కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నాడు. చేతివేలితో మొదటి అచ్చునుంచి చివరిదాకా నెమ్మదిగా తడిమాడు.

"ఇలా ఎప్పుడూ వరసలో పెట్టి చూడలేదు," అన్నాడు.

"ఎందుకని?"

"వదులైందంటే నా పనిలోనే లోపం అనుకున్నానమ్మా. ప్రతిసారీ అదే అనుకున్నా. సెట్టు పోసే పౌడరు మార్చాను. కంపెనీ మార్చాను. లోపల ఇంకో పొర వేసి ఇంకా బిగుతుగా చేశాను. ఊళ్ళోవాళ్ళ సెట్టు వదులైతే దవడ తగ్గిందని చెప్పి డాక్టరు దగ్గరికి పంపేవాణ్ణి. దీని సెట్టు వదులైతే మాత్రం..." ఆయన ఆగాడు. "నా చెయ్యే తప్పిందనుకున్నా."

కోడలికి ఆయన మీద కోపం కొంత జారిపోయింది. కొంత మిగిలింది.

"రాత్రిళ్ళు తీసి నీళ్ళలో వెయ్యమని అందరికీ చెప్పేవారు కదా?"

"చెప్పకపోతే ఎలా? మొదటి మాటే అది."

"అత్తయ్యకి చెప్పారా?"

"దానికి తెలీదా? నా పక్కనుండి వెయ్యిసార్లు విని ఉంటుంది."

"ఈ ఇంట్లో నీళ్ళగ్లాసులో ఎప్పుడైనా ఆవిడ పళ్ళు చూశారా మామయ్యా?"

మేస్త్రి ఆలోచించాడు. ఆయన ఆలోచిస్తున్నకొద్దీ ముఖం రంగు మారింది.

"మరి నోరు చూడకుండా ఇన్ని అచ్చులెలా తీశారు?"

"సెట్టు గుడ్డలో చుట్టి ఇచ్చేది. అందులోనే మెత్తటి ముద్ద పరిచి తిరిగిచ్చేవాణ్ణి. తలుపేసుకుని పెట్టుకుని, పది నిమిషాలు కరిచి పట్టుకుని, మళ్ళీ గుడ్డలో చుట్టి ఇచ్చేది. అందులో ప్లాస్టర్ పోసేవాణ్ణి. మొదటి అచ్చు ఒక్కటే డాక్టరు తీసి పంపాడు." ఆయన పదకొండో అచ్చుని అరచేతిలోకి తీసుకున్నాడు. "నాకు తెలిసిన దాని దవడ ఇదేనమ్మా. సిగ్గనుకున్నాను. ఆడవాళ్ళకి ఉంటుందిలే అనుకున్నాను."

"సిగ్గు కాదు."

ఇద్దరూ తలతిప్పారు. పెద్దావిడ తలుపు పట్టుకుని నిలబడి ఉంది. తుంటి నొప్పికి బరువంతా ఒక కాలి మీదే వేసింది. ఎంతసేపటినుంచి వింటోందో.

"పళ్ళన్నీ పీకించుకుని వచ్చిన రోజు గుర్తుందా మీకు?"

"చిగుళ్ళ జబ్బు చేసి... అబ్బాయి చంటివాడు అప్పుడు."

"వాణ్ణి ఎత్తుకుని ఇదే గుమ్మంలో నిలబడ్డాను. ముప్పై ఒక్కేళ్ళు నాకు. మీరు ఆ బల్ల దగ్గరే కూర్చుని ఎవరికో పళ్ళు అమరుస్తున్నారు. తలెత్తి నన్ను చూశారు. చూసి ఏమన్నారు?"

మేస్త్రి గుర్తు చేసుకోవడానికి నిజంగానే ప్రయత్నించాడు. దొరకలేదు.

"అటు తిరుగు అన్నారు."

బయట వీధిలో ఎవరో స్కూటరు స్టార్టు చేయలేక తంటాలు పడుతున్నారు.

"రక్తం చూసి అనుంటానే. ఊరికే అనుంటాను."

"అయ్యుండొచ్చు. నేనూ అలాగే అనుకున్నా. నెల తిరక్కుండా పళ్ళు చేసిచ్చారు. అసలు పళ్ళకన్నా బాగున్నాయన్నారు చూసినవాళ్ళంతా. మిమ్మల్ని ఒక్క మాట అనడానికి లేదు." ఆవిడ గొంతులో కోపం లేదు. చాలాకాలం మోసిన బరువుని ఎక్కడ దించాలో తెలియని అలసట ఉంది. "కానీ మళ్ళీ ఇటు తిరగమని మాత్రం చెప్పలేదు. నలభై ఏళ్ళనుంచి అటే తిరిగి పడుకుంటున్నాను."

కోడలికి అక్కడ ఉండకూడదనిపించింది. కానీ గోడ మీద గడియారం పన్నెండున్నర దాటింది. బియ్యపు గింజంత సందు మీద ఆ సెట్టు నొక్కుతూనే ఉంది. సిగ్గు విడిచి నోరు తెరిచింది.

"మామయ్యా, విచ్చుకుంది. ఎముక బయటపడింది. బాగానే ఉందని ఆవిడ మీకు అబద్ధం చెప్పింది. రెండు వారాలు నోరు ఖాళీగా ఉంచాలి, లేకపోతే మొత్తం తీసేస్తారట. ఇప్పటికీ అది ఆవిడ నోట్లోనే ఉంది. మీరు పడుకున్నాక తీస్తుందట."

మేస్త్రి చేతిలోని అచ్చుని బల్ల మీద పెట్టాడు. లేచాడు. లేవడానికి బల్ల పట్టుకోవాల్సి వచ్చింది. భార్య ఎదురుగా వచ్చి నిలబడ్డాడు.

"ఇటు తిరుగు," అన్నాడు.

ఆవిడ అప్పటికే గోడవైపు తిరిగిపోయి ఉంది.

"ఇటు తిరగవే. తీసి నా చేతికియ్యి. నేను చూస్తాను."

"వద్దండీ."

"చేసిన చెయ్యి ఇది. దీనికే ఇయ్యి."

చివరికి పెద్దావిడ తిరిగింది. తువ్వాలు కోసం చెయ్యి భుజం మీదికి వెళ్ళి, మధ్యలోనే ఆగి, దిగింది. ముందు కింది వరస తీసింది. తర్వాత పై వరస. తడిగా, వెచ్చగా ఉన్న జతని భర్త అరచేతిలో పెట్టింది.

బుగ్గలు లోపలికి పోయాయి. గడ్డం పైకి లేచి ముక్కుకి దగ్గరయింది. పెదాలు ఎటు నిలవాలో తెలియక వణికాయి. కోడలు ఆ ముఖాన్ని చూసింది. మొదటిసారే చూసినా ఎందుకో అందులో భయపడాల్సిందేమీ కనిపించలేదు, ఎవరింట్లోనైనా ఉండే ముసలమ్మ ముఖమే.

పెద్దావిడ తలెత్తి భర్త వైపు చూసింది.

"చూస్తున్నారా?"

"ఆఁ," అన్నాడు మేస్త్రి. "చూస్తున్నాను."

ఆయన కళ్ళు గట్టిగా మూసుకుని ఉన్నాయి.

ఆవిడ ముఖంలో కోపం రాలేదు, ఆశ్చర్యమూ రాలేదు. కాసేపు ఆ మూసిన రెప్పల వైపే చూసింది. తర్వాత నెమ్మదిగా గోడవైపు తిరిగి, వెనక్కి చెయ్యి చాపింది.

"ఇలా ఇచ్చెయ్యండి," అంది.